మసాయి మారాలో సింహం ఎవరి నేల మీద నిలబడింది?

కెన్యాలోని మసాయి మారా నేషనల్ రిజర్వ్ ఉత్తరపు హద్దు దగ్గర ఒక సింహాల గుంపు పడుకుని ఉందనుకుందాం. హద్దుకి ఇవతల ఉన్నంతసేపూ టికెట్ కొన్న ఎవరైనా వచ్చి వాటిని చూడొచ్చు. ముప్పై జీపులు చుట్టుముట్టినా అదిలించే రేంజర్ దగ్గర్లో ఉండకపోవచ్చు. జీపు మాత్రం బాట దిగకూడదు, పొద్దుగూకేసరికి అందరూ క్యాంపులకు చేరిపోవాలి. అవే సింహాలు లేచి నాలుగడుగులు ఉత్తరానికి నడిస్తే ఓలారే మోటోరోగి కన్జర్వెన్సీలోకి, అంటే వన్యప్రాణుల కోసం వదిలిన సొంత పట్టా భూముల్లోకి వచ్చేస్తాయి. అక్కడ వాటిని చూడాలంటే ఆ కన్జర్వెన్సీ క్యాంపుల్లోనే దిగి ఉండాలి. ఒక్కో చోట ఐదు బండ్లకు మించి ఆగనివ్వరు. కానీ జీపు గడ్డిలోకి దిగొచ్చు, రాత్రి లైటు వేసుకుని తిరగొచ్చు, గైడు వెంట నడిచి కూడా వెళ్లొచ్చు. ఈ రెండు నేలల మధ్య కంచె లేదు, గోడ లేదు.

ఆఫ్రికా సఫారీ అనుకోగానే మనవాళ్లు అడిగేవి ఏ నెలలో వెళ్లాలి, ఎన్ని రోజులు ఉండాలి, సింహం గ్యారంటీగా కనిపిస్తుందా అని. అవసరమైన ప్రశ్నలే. అయితే వెళ్లాక ఏం చూస్తాం, ఎంతసేపు చూస్తాం, ఎన్ని బండ్ల మధ్య నిలబడి చూస్తాం అన్నది అదృష్టం కన్నా ఎక్కువగా ఆ నేల ఎవరిది, అక్కడ ఎవరి రూలు నడుస్తోంది, మనం కట్టిన డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. లక్షలు పోసి వెళ్లేవాళ్లకు ఈ సంగతి ముందుగా తెలియకపోవడం నాకు బాధగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇది తెలిస్తే మన ట్రిప్పూ బాగుంటుంది, ఆ జంతువుల బతుకూ కొంచెం తేలికవుతుంది.

ఒకే పేరు, మూడు రకాల నేల

మారా రిజర్వ్ విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన సరిహద్దు అవతల టాంజానియాలోని సెరెంగెటి నేషనల్ పార్క్ 14,763 చదరపు కిలోమీటర్లు. చుట్టుపక్కల భూములన్నీ కలిపితే ఈ మొత్తం గడ్డి ప్రాంతం దాదాపు 25,000 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అంటే ప్రపంచమంతా ఎగబడి చూసే మారా, ఈ విశాలమైన మైదానానికి ఉత్తరం కొసన ఉన్న చిన్న ముక్క.

కెన్యాలో పేరున్న నేషనల్ పార్కులను చాలావరకు కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే కేంద్ర సంస్థ చూసుకుంటుంది. మారా అలా కాదు. అది నారోక్ కౌంటీ (మన జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) చేతిలో ఉన్న రిజర్వ్, గేటు ఆదాయం కౌంటీ ఖజానాకు వెళ్తుంది. అందులోనూ మారా నదికి పడమర ఉన్న సుమారు 510 చదరపు కిలోమీటర్ల భాగాన్ని మారా ట్రయాంగిల్ అంటారు. దాన్ని 2001 నుంచి మారా కన్జర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఒప్పందం మీద నడుపుతోంది. బాటలు, గస్తీ, రూల్స్ అమలు అక్కడ మెరుగ్గా ఉంటాయని తరచూ వెళ్లేవాళ్లు చెప్తారు. పిల్లి జాతి జంతువు దగ్గర ఐదు బండ్లే ఉండాలి, వెనక వేరే బండ్లు ఆగి ఉంటే పది నిమిషాల్లో తప్పుకోవాలి.

మూడోది రిజర్వ్‌కు ఉత్తరాన, తూర్పున పరుచుకున్న కన్జర్వెన్సీలు. ఇవి ప్రభుత్వ అడవి కాదు. పశువుల పెంపకం మీద బతికే మసాయి తెగ కుటుంబాల పేరున పట్టాలున్న సొంత భూములు. మారా నార్త్, నబోయిషో, ఓల్ కిన్యెయి, ఓలారే మోటోరోగి వంటివి ఇరవైకి పైగా ఉన్నాయి. అన్నీ కలిపితే రిజర్వ్ కన్నా పెద్ద విస్తీర్ణం. టూర్ ప్యాకేజీల్లో ఈ మూడింటినీ కలిపి 'మసాయి మారా' అని రాసేస్తారు. పైగా ట్రయాంగిల్‌ను నడిపే మారా కన్జర్వెన్సీ వేరు, పట్టా భూముల్లోని మారా నార్త్ కన్జర్వెన్సీ వేరు. పేర్లు దగ్గరగా ఉండటంతో బుక్ చేసుకునేవాళ్లు సహజంగానే తికమకపడతారు.

పట్టాలు, కౌలు, జీపులు

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలియాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. 1904లోనూ 1911లోనూ బ్రిటిష్ వాళ్లు మసాయిలతో చేసుకున్నామని చెప్పిన ఒప్పందాల ప్రకారం రిఫ్ట్ లోయలోని, లైకిపియాలోని మంచి మేత భూములు తెల్ల సెటిలర్లకు పోయాయి. మసాయిలను పశువులతో సహా దక్షిణానికి తరలించారు. ఇప్పటి నారోక్ ప్రాంతం అలా వాళ్లను సర్దిన చోటే. ఆ తర్వాత 1961లో అందులోనే కొంత భాగాన్ని వన్యప్రాణుల కోసం కేటాయించారు. అదే పెరిగి నేటి రిజర్వ్ అయింది. తరతరాలుగా కరువు వచ్చినప్పుడు పశువులను తోలుకెళ్లిన మేత, నీళ్లు కాస్తా ఇప్పుడు మేపితే జరిమానా పడే చోట ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక, 1968 చట్టంతో మిగిలిన భూములను గ్రూప్ రాంచ్‌ల పేరిట ఉమ్మడి ఆస్తిగా రాశారు. 1990ల నుంచి వాటిని పంచుకోవడం మొదలైంది. ఎవరి వాటా వాళ్లకు పట్టా వచ్చింది. పంపకం సమానంగా జరగలేదు, పలుకుబడి ఉన్నవాళ్లకు నది పక్కన, రోడ్డు పక్కన మంచి ముక్కలు దక్కాయి. పట్టాలు దాదాపు అన్నీ మగవాళ్ల పేర్లనే వచ్చాయి. పట్టా చేతికొచ్చిన రైతు ముందు మూడు దారులు కనిపించాయి: కంచె వేసి పశువులను మేపుకోవడం, దున్ని గోధుమలు వేయడం, అమ్మేయడం. మూడింట్లో ఏది ఎంచుకున్నా ఏనుగుకు, వైల్డ్‌బీస్ట్‌కు దారి మూసుకుపోతుంది.

ఇక్కడ కెన్యా చట్టం గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఆ దేశం 1977లో వేటను నిషేధించింది. వన్యప్రాణి ఎవరి పొలంలో ఉన్నా అది ప్రభుత్వానిదే. దక్షిణాఫ్రికాలో తగిన కంచె వేసుకున్న భూస్వామికి లోపలి జంతువుల మీద హక్కు ఉంటుంది, అమ్ముకోవచ్చు, వేటకు అనుమతించొచ్చు. టాంజానియాలో లైసెన్సు వేట ఉంది. మసాయి రైతుకు ఆ వెసులుబాటు ఏదీ లేదు. తన గడ్డి తినే జీబ్రా మీద, తన దూడను ఎత్తుకుపోయే సింహం మీద అతనికి పైసా రావాలంటే ఎవరో ఒకరు దూరం నుంచి వచ్చి దాన్ని చూడాలి, చూసినందుకు డబ్బు కట్టాలి. 'చూడటం' అక్కడ ఇంత పెద్ద ఆర్థిక వ్యవహారం కావడానికి కారణం ఇదే. కెన్యా వన్యప్రాణుల్లో మూడింట రెండు వంతులు రిజర్వ్‌లు, పార్కుల బయటే బతుకుతాయని అంచనా. అంటే వాటి భవిష్యత్తు ఇలాంటి రైతుల నిర్ణయాల్లో ఉంది.

2005, 2010 మధ్య దొరికిన నాలుగో దారే కన్జర్వెన్సీ. ఓల్ కిన్యెయి 2005లో, ఓలారే ఓరోక్ (ఇప్పటి ఓలారే మోటోరోగిలో భాగం) 2006లో, మారా నార్త్ 2009లో, నబోయిషో 2010లో మొదలయ్యాయి. పద్ధతి మన పల్లెల్లో అందరికీ తెలిసిన కౌలే. పక్కపక్కన పట్టాలున్న వందల కుటుంబాలు తమ భూములను కలిపి క్యాంపుల యజమానులకు దీర్ఘకాలం కౌలుకిస్తాయి. నబోయిషోలో ఇలా కలిసినవి సుమారు 50,000 ఎకరాలు, ఐదు వందలకు పైగా కుటుంబాలవి. ఎంతమంది టూరిస్టులు వచ్చారన్న దానితో సంబంధం లేకుండా ఎకరానికి ఇంత అని డబ్బు ప్రతినెలా అకౌంట్లో పడుతుంది. బదులుగా ఆ కుటుంబాలు కంచె వేయవు, ఇల్లు కట్టవు, ఒప్పుకున్న పద్ధతి ప్రకారమే పశువులను మేపుతాయి. 2013 నాటి వన్యప్రాణి చట్టం ఈ కన్జర్వెన్సీలకు చట్టబద్ధత ఇచ్చింది.

జీపుల రూల్స్ కూడా ఈ ఒప్పందంలోంచే పుట్టాయి. ఓలారే మోటోరోగిలో సుమారు 700 ఎకరాలకు ఒక టెంటు చొప్పున పరిమితి పెట్టుకున్నారు. టెంట్లు తక్కువైతే జీపులు తక్కువ, జీపులు తక్కువైతే గడ్డిలోకి దిగినా నేల పాడవదు. రిజర్వ్‌లో వందల బండ్లు అలా దిగితే ఒక్క సీజన్లోనే మైదానమంతా చక్రాల గాడి అయిపోతుంది. కాబట్టి అక్కడ బాట దిగొద్దనడం సబబే. కన్జర్వెన్సీలో గది అద్దె ఎక్కువ ఎందుకంటే కౌలు మొత్తాన్ని ఆ కొద్ది టెంట్లే మోయాలి.

దీన్ని అందరికీ మేలు చేసిన కథగా చెప్పడం మాత్రం నాకు ఇష్టం లేదు. పట్టా లేని కుటుంబానికి కౌలు రాదు, భూమి తన పేర లేని ఆడమనిషికి ఆ డబ్బు మీద మాట చెల్లడం కష్టం. కరువు ఏడాదిలో కళ్లెదురుగా గడ్డి ఉన్నా పశువులను ఆపుకోవడం ఎంత నరకమో పశువులున్న ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2020లో కోవిడ్ వచ్చి విమానాలు ఆగిపోగానే కౌలు డబ్బులకూ గండి పడింది. ఊరంతా ఒక్క టూరిజం మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది. అయినా కంచెలు, గోధుమ చేలు, కన్జర్వెన్సీ, ఈ మూడింటిలో జంతువుకు చోటు మిగిల్చినది చివరిదే.

మందలు ఎందుకు వస్తాయి, ఎప్పుడు వస్తాయి

మారాకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది వైల్డ్‌బీస్ట్ వలస చూడాలనే వెళ్తారు. పెద్ద తల, పలచటి గడ్డం, వంగిన వీపుతో చూడ్డానికి ఏమంత అందంగా ఉండని జంతువు ఇది. జనవరి చివర నుంచి మార్చి దాకా దక్షిణ సెరెంగెటిలో ఈనతాయి. అక్కడి నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది, పొట్టి గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ పుష్కలం, పాలిచ్చే తల్లులకు అదే కావాలి. చాలావరకు ఈతలు రెండు మూడు వారాల్లోనే జరిగిపోతాయి. ఒకేసారి లక్షల దూడలు నేలకు దిగితే హైనాలు, సింహాలు ఎన్నింటిని తినగలవు?

ఆ దక్షిణ మైదానాల్లో వాన తక్కువ. మే నాటికి గడ్డి ఎండుతుంది, నీళ్లు ఇంకిపోతాయి. ఉత్తరాన విక్టోరియా సరస్సు ప్రభావంతో ఎండాకాలంలోనూ అప్పుడప్పుడు జల్లులు పడతాయి, మారా నదిలో నీరుంటుంది. మందలు ఆ గడ్డి వెంట నడుస్తూ జూలై, ఆగస్టుకల్లా మారా చేరి, అక్టోబరు చివరి దాకా అక్కడక్కడే తిరిగి, దక్షిణాన వానలు మొదలయ్యాక వెనక్కి మళ్లుతాయి. క్యాలెండరు చూసుకుని నడిచే యాత్ర కాదిది. వాన రెండు వారాలు అటూ ఇటూ అయితే మందలూ అటూ ఇటూ అవుతాయి. ఫలానా తేదీన క్రాసింగ్, అంటే మందలు నది దాటడం చూపిస్తామని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

మన తెలుగు రాష్ట్రాల కుటుంబాలకు ఇక్కడ ఒక చిక్కుంది. పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. కెన్యాలో మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు. మారాలో చాలాచోట్ల నల్లరేగడి నేల, తడిస్తే జీపు చక్రాలు ఎలా దిగబడతాయో మనకు చెప్పక్కర్లేదు. 2024 మే మొదట్లో తాలెక్ నది పొంగి ఎన్నో క్యాంపులు మునిగాయి, టూరిస్టులను హెలికాప్టర్లలో తరలించారు. వలస చూడాలనుకునేవాళ్లకు దసరా సెలవులు నయం. వలస మీద పెద్ద పట్టింపు లేనివాళ్లకు జనవరి, ఫిబ్రవరి ఇంకా హాయి. సింహాలు, ఏనుగులు, జిరాఫీలు, చీతాలు ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి, జనం తక్కువ, టికెట్ కూడా సగం ధరే.

వలసను 'మనిషి చెయ్యి పడని ప్రకృతి' అని పొగడటం ఒక అలవాటైపోయింది. కానీ ఇప్పుడు మనం చూసే ఇంత పెద్ద మంద వెనక పశువుల డాక్టర్ల చెయ్యి ఉంది. 1880ల చివర్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల వ్యాధి ఆఫ్రికాలోకి వచ్చింది. పదేళ్లలో ఖండమంతా పశువులనూ అడవి దున్నలనూ వైల్డ్‌బీస్ట్‌లనూ ఊడ్చేసింది. పశువులే ఆస్తి అయిన మసాయిలు ఆకలితో చనిపోయారు. 1950ల చివర, 1960ల మొదట్లో సెరెంగెటి చుట్టూ ఉన్న పశువులకు టీకాలు వేయడంతో ఆ వ్యాధి అడవి జంతువుల్లోనూ ఆగిపోయింది. 1961లో సుమారు 2.5 లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌లు 1970ల చివరికి 13 లక్షలయ్యాయి. ఊరి పశువుకు వేసిన సూది అడవి మందను బతికించింది. పశువులు ఒకవైపు, వన్యప్రాణులు ఒకవైపు అని గీత గీసి మాట్లాడేవాళ్లు ఈ చరిత్రను ఒకసారి చూడాలి. అన్నట్టు, ఇప్పటి లెక్కపైనా చర్చ నడుస్తోంది. విమానాల ఫొటోల ఆధారంగా 13 లక్షలని ఏళ్లుగా చెప్తుండగా, ఉపగ్రహ చిత్రాలను కంప్యూటర్‌తో లెక్కించి 2025లో ప్రచురించిన పరిశోధన 6 లక్షల లోపే అని తేల్చింది. జంతువులు తగ్గాయా, లెక్క పద్ధతి మారిందా అన్నది ఇంకా తేలాలి.

నది ఒడ్డున

క్రాసింగ్ ఎలా జరుగుతుందో చూద్దాం. మంద ఒడ్డు మీదకు వచ్చి ఆగుతుంది. వెనకవి నెడుతుంటాయి, ముందువి కాళ్లు నిలదొక్కుకుని వెనక్కి తగ్గుతుంటాయి. దుమ్ము, మూలుగుల్లాంటి అరుపులు. ఒకటి ధైర్యం చేసి నీళ్ల అంచుదాకా దిగి, వాసన చూసి, ఎందుకో బెదిరి వెనక్కి దూకుతుంది. దాన్ని చూసి మంద మొత్తం వెనుదిరిగి పరుగు తీస్తుంది. గంటసేపయ్యాక మళ్లీ వస్తుంది. ఇలా సాయంత్రం దాకా జరిగి, అసలు దాటకుండానే వెళ్లిపోవచ్చు. దాటినవి కూడా రెండు రోజుల తర్వాత ఇవతలికే తిరిగి రావచ్చు.

ఆ సమయంలో జీపులు దూరంగా చెట్ల కింద ఆగి ఉండాలి. మొదటి జంతువులు నీళ్లలో దిగి, వరస కుదిరాకే ఒడ్డుకు రావాలన్నది గైడులందరికీ తెలిసిన పద్ధతి. కానీ ముందు సీటు దక్కాలన్న ఆత్రంలో ఒక్క బండి కదిలిందంటే మిగతావన్నీ దూకుతాయి. దిగే చోటే కాదు, అవతలి ఒడ్డున ఎక్కే చోట కూడా బండ్లు అడ్డంగా నిలబడితే ఈదొచ్చిన జంతువుకు దారి ఉండదు. అది నిటారు గట్టు ఎక్కలేక జారిపడుతుంది, కింద వచ్చేవాటి కాళ్ల కింద నలుగుతుంది. 2025 జూలైలో టాంజానియా వైపు ఒడ్డున టూరిస్టులు బండ్లు దిగి నదికి అడ్డంగా నిలబడ్డ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అక్కడి అధికారులు రూల్స్ బిగిస్తామని ప్రకటించాల్సి వచ్చింది.

నదిలో చావులన్నీ టూరిస్టుల వల్లే అనుకుంటే అదీ తప్పే. వరద వేగం, నిటారు గట్లు, తొక్కిసలాట ఎప్పటి నుంచో ఉన్నవే. 2017లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం మారా నదిలో ఏడాదికి సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు మూకుమ్మడిగా మునిగి చనిపోతాయి. బరువులో 1,100 టన్నులు. ఫొటోల్లో హీరోలుగా కనిపించే మొసళ్లు అందులో తినేది చాలా కొద్ది. రాబందులు, కొంగలు కొంత తింటాయి. మాంసం కుళ్లి నీటిలో కలిసి కొన్ని వారాల పాటు చేపలకు ఆహారమవుతుంది, ఎముకలు కరగడానికి ఏడేళ్లు పట్టి ఫాస్ఫరస్‌ను మెల్లగా నదికి వదులుతుంటాయి. చూసేవాళ్లకు కడుపులో దేవినట్టుండే ఆ దృశ్యం నదికి ఏడాది ఎరువు.

చీతా తల్లి లెక్క

క్రాసింగ్ కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది చీతా సంగతి. సింహాలు పగలంతా నీడలో పడుకుంటాయి, చుట్టూ జీపులున్నా కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసేస్తాయి. చీతా అలా కాదు. సింహాలకు, హైనాలకు భయపడి అది పగలే వేటాడుతుంది, అంటే సరిగ్గా మన జీపులు తిరిగే వేళలో. పిల్లలను గడ్డిలో దాచి వెళ్తుంది, తిరిగొచ్చాక పిట్ట కూతలాంటి సన్నని పిలుపుతో వాటిని పిలుచుకుంటుంది. వేట పట్టాక రొప్పు తగ్గేదాకా తినలేదు. ఆ కొద్ది నిమిషాల్లో హైనా వస్తే చేతిలోది వదిలేసి పోవాల్సిందే.

ఇప్పుడు ఆ తల్లి చుట్టూ ఇరవై బండ్లు ఊహించుకోండి. జింక దాన్ని చూడకముందే బండ్లను చూసి తల ఎత్తుతుంది. పిల్లల దగ్గరకు వెళ్లే దారిలో ఇంజన్లు, తినబోతే కెమెరాలు, పైగా బండ్ల గుంపు ఎక్కడుందో అక్కడ ఏదో ఉందని దూరం నుంచే తెలిసిపోతుంది. మారాలో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం దీన్ని అంకెల్లో చూపించింది. టూరిస్టులు తక్కువగా వచ్చే చోట్ల చీతా తల్లులు ఒక్కో ఈతలో సగటున 2.3 పిల్లలను పెంచి పెద్ద చేస్తే, టూరిస్టులు బాగా ఎక్కువగా ఉన్న చోట్ల ఆ సగటు 0.2. అంటే ఐదు ఈతలకు ఒక్క పిల్ల. టూరిస్టులు పిల్లలను నేరుగా చంపినట్టు ఎవరూ చూడలేదు. వేట చెడటం, టెన్షన్, పిల్లలకు దూరం కావడం లాంటివి కలిసి ఇలా అవుతుండొచ్చని ఆ అధ్యయనం భావించింది.

ఆ ఇరవై బండ్లు ఒక్కచోటికి ఎలా చేరతాయి? ఒక డ్రైవర్‌కు చీతా కనిపిస్తుంది, రేడియోలో నలుగురికి చెప్తాడు, నలుగురు మరో పదిమందికి చెప్తారు. వెనక సీట్లో కూర్చున్న కుటుంబం రెండే రోజులకు వచ్చింది, ఇంకా చీతా చూడలేదు, వాట్సాప్‌లో పెట్టడానికి దగ్గరి ఫొటో కావాలి. డ్రైవర్ జీతం చిన్నది, టిప్పు పెద్దది. రూలు ప్రకారం దూరంగా ఆపితే వెనక నుంచి 'ఇంకొంచెం ముందుకు పోనివ్వు' అని వినిపిస్తుంది. పక్క బండి ముందుకు పోతే మనవాళ్ల మొహాలు మాడతాయి. డ్రైవర్లందరినీ తిట్టడం సులువు. కెన్యా ప్రొఫెషనల్ సఫారీ గైడ్స్ అసోసియేషన్ పరీక్షలు పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని అర్హతలు ఇస్తుంది. వాళ్లలో చాలామందికి ఆ జంతువు గురించి తెలిసినదాంట్లో పదో వంతు కూడా మనకు తెలియదు. అంత తెలిసినవాళ్ల చేత తప్పు చేయిస్తున్నది మన టిప్పు.

రాత్రి జరిగేది

సూర్యుడు దిగాక టూరిస్టు భోజనానికి వెళ్తాడు, మసాయి కుటుంబం ఆవులను, మేకలను ముళ్లకంచె దొడ్డిలోకి తోలి తలుపు బిగిస్తుంది. సింహం అప్పుడే లేస్తుంది. పగలు వంద కెమెరాలకు పోజిచ్చిన అదే సింహం రాత్రి దొడ్డి దూకితే ఒక ఇంటి ఏడాది సంపాదన పోవచ్చు. 2015 డిసెంబరులో మార్ష్ ప్రైడ్ అని పేరుపడ్డ గుంపులోని సింహాలకు జరిగింది ఇదే. పశువులను చంపాయన్న కోపంతో కళేబరంలో విషం పెట్టారు. వయసు మళ్లిన ఆడ సింహం బిబితో సహా కొన్ని చనిపోయాయి, రాబందులు కూడా పోయాయి. ఆ గుంపు సింహాలను చూడటానికి వచ్చినవాళ్ల డబ్బు ఆ పశువుల యజమానికి చేరి ఉంటే కథ వేరేలా ఉండేదేమో. కౌలు వచ్చే కన్జర్వెన్సీల్లో సింహాలు బాగానే నిలదొక్కుకోవడం చూస్తే నాకలాగే అనిపిస్తుంది.

రిజర్వ్ బయట ఇంకా పెద్ద నష్టం చప్పుడు లేకుండా జరుగుతోంది. సెరెంగెటి నుంచి వచ్చే వలస ఒక్కటే కాదు, తూర్పున లోయిటా మైదానాల నుంచి మారాకు వచ్చే మరో వలస ఉండేది. 1970ల చివర్లో అందులో లక్షకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు ఉండేవి. ఆ మైదానాల్లో గోధుమ చేలు వచ్చాయి, పట్టాల చుట్టూ వైరు కంచెలు లేచాయి, ఇప్పుడు మిగిలింది అందులో చిన్న భాగం. నదికి కూడా అలాంటి సమస్యే. మారా నది పుట్టేది ఉత్తరాన మావు అడవుల్లో. ఆ అడవిని దశాబ్దాలుగా నరికి సేద్యంలోకి తెచ్చారు. ఎండాకాలం మారా మైదానాల్లో నీరు తగ్గితే లక్షల జంతువులకు తాగడానికి దిక్కు అదే నది.

2024 నుంచి నారోక్ కౌంటీ విదేశీ పెద్దల టికెట్‌ను జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు చేసింది. అంతకుముందు 80 డాలర్ల లోపే ఉండేది. టికెట్ 12 గంటలకే చెల్లుతుంది. ధర పెంచితే జనం తగ్గుతారని, నేల ఊపిరి పీల్చుకుంటుందని కొందరి వాదన. ధర ఒక్కటే చాలదని నా అభిప్రాయం. రోజుకు 200 డాలర్లు కట్టిన మనిషికి ఆ రోజు ఏమీ మిస్ కాకూడదన్న పట్టుదల ఇంకా పెరుగుతుంది, అది మళ్లీ డ్రైవర్ మెడ మీదే పడుతుంది. క్యాంపుల సంఖ్యకు, బండ్ల సంఖ్యకు పరిమితి పెట్టి దాన్ని రోజూ అమలు చేసే రేంజర్లు ఉంటేనే పెంచిన ధరకు అర్థం.

బుక్ చేసే ముందు ఏజెంటును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. క్యాంపు రిజర్వ్ లోపలా, గేటు బయటా, కన్జర్వెన్సీలోనా? కన్జర్వెన్సీ అయితే దాని పేరేంటి, కన్జర్వెన్సీ ఫీజు ప్యాకేజీలో కలిసి ఉందా? రిజర్వ్ లోపలికి వెళ్లే రోజులకు టికెట్ విడిగా కట్టాలా? గైడుకు అర్హత పరీక్ష సర్టిఫికెట్ ఉందా? బండిలో అందరికీ కిటికీ సీటు వస్తుందా? బడ్జెట్ తక్కువైతే అన్ని రాత్రులూ గేటు బయట గడపడం కన్నా, రోజులు తగ్గించుకుని రెండు రాత్రులైనా కన్జర్వెన్సీలో ఉండటం మేలని నేను చెప్తాను. ఇంకొకటి, ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోండి. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో దాన్ని అడుగుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

అక్కడికి చేరాక మొదటి రోజు పొద్దున, జీపు కదలక ముందే డ్రైవర్‌తో కూర్చుని మాట్లాడండి. పది బండ్లున్న చోట ఆగనక్కర్లేదని, చీతా పిల్లలతో ఉంటే దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తామని, సింహం కనిపించకపోయినా అతని టిప్పులో తేడా రాదని ముందే చెప్పేయండి. రేడియో వెంట పరిగెత్తాల్సిన పని తప్పితే అతను తనకు తెలిసిన మారాను చూపిస్తాడు: చెదపుట్ట మీద కాపలా కాసే ముంగిసలు, గడ్డిలో పాములను వెతుక్కుంటూ నడిచే సెక్రటరీ పక్షి, గున్న ఏనుగును మధ్యలో పెట్టుకుని నది దాటే ఏనుగుల కుటుంబం.